పెద్దకోడలి పరుగు

జానమ్మ చనిపోయిన ఏడాదికి హాలియా సెంటర్లో ఆమె ఫొటోతో ఒక ఫ్లెక్సీ వెలిసింది. సగం జానమ్మ, మిగతా సగం ఆమె చిన్నకోడలు కోమల. అత్తమ్మ జ్ఞాపకార్థం, కేన్సర్ రోగుల సహాయార్థం మన కోమల టీచరు మారథాన్ పరుగు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కూరగాయలకు వచ్చిన పెద్దకోడలు గ్లోరీ సంచి పట్టుకుని దాని ముందే నిలబడిపోయింది. ఆ ఫొటో గ్లోరీ పెళ్లినాడు తీసింది. జానమ్మ పక్కన కొత్త పెళ్లికూతురు ఉండాలి. ఫ్లెక్సీ వేసినవాళ్లు ఆమెను కత్తిరించేశారు. అత్త భుజం మీద గాజుల చెయ్యి ఒకటి మాత్రం మిగిలిపోయింది.

ఇంటికొచ్చి భర్త ఇస్రాయేలుకు చెబితే, చూసిన, మంచిగనే ఉన్నది కదా అన్నాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మనిషి, అన్నం మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు. చెయ్యి సంగతి గ్లోరీ ఎత్తలేదు. ఎత్తితే నవ్వుతాడని తెలుసు.

జానమ్మకు దవడలో పుండు పుట్టింది. వయసులో ఉన్నప్పటి నుంచీ నోట్లో పొగాకు పెట్టుకునే అలవాటు. పల్లు నొస్తుందని ఆమె, చిన్న పుండేనని ఊళ్లో డాక్టరు, చాలా రోజులు గడిపేశారు. పట్నం దవాఖానలో కేన్సరని తేలేసరికి ఆలస్యమైపోయింది. అప్పటి నుంచి చివరి శ్వాస దాకా ఆమెను చూసుకున్నది గ్లోరీయే. హాలియాలో తెల్లవారుజాము బస్సెక్కించడం, దవాఖాన వరండాలో చాప పరుచుకుని వంతు కోసం కూర్చోవడం, ముక్కు గొట్టంలో రాగిజావ పోయడం, పుండు కడిగి గుడ్డ మార్చడం. ఆ వాసనకు చుట్టాలు గడప దాటేవాళ్లు కారు. గ్లోరీ అదే చేతితో అన్నం తినేది.

చిన్నకొడుకు సాల్మన్, కోమల నల్లగొండలో ఉంటారు. కోమల సర్కారు బడిలో టీచరు. ఆదివారం ఆదివారం పండ్లు పట్టుకుని వచ్చేది. జానమ్మ ఒక్క పండూ మింగలేదని అందరికీ తెలుసు. అయినా తెచ్చేది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, కళ్లు తుడుచుకుని, పొద్దు గూకకముందే వెళ్లిపోయేది.

అత్త పోయాక కోమల నల్లగొండ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్లతో కలిసింది. నడక పరుగైంది. కేన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లకు నీడనిచ్చే ఆశ్రమం ఒకటి హైదరాబాదు శివారులో ఉందని, దాని కోసం ఏటా చందాలు పోగుచేసి మారథాన్‌లో పరుగెత్తేవాళ్లు ఉంటారని అక్కడెవరో చెప్పారు. నలభై రెండు కిలోమీటర్లు నేనూ ఉరుకుత అని కోమల మాటిచ్చేసింది. ఊరి చర్చిలో పాస్టరు ఆమెను ముందుకు పిలిచి ప్రార్థన చేశాడు. ఇటువంటి కోడలు ఇంటికొకరు ఉండాలి అన్నాడు. ఆడవాళ్ల వరసలో కూర్చున్న గ్లోరీ అందరితోపాటు ఆమెన్ అన్నది. 

మరుసటి వారం నుంచే గ్లోరీ కాలువ కట్ట ఎక్కింది. మడికి నీళ్లు చూసొస్తానని చీకటితోనే బయలుదేరేది. ఊరి ఇళ్లు కనుమరుగు కాగానే చెప్పులు తీసి తూము మీద పెట్టి, చీరకుచ్చిళ్లు ఎగదోపి పరుగెత్తేది. ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియదు. చిన్నప్పుడు బడి పందాల్లో తనను దాటినవాళ్లు లేరు. ఆ కాళ్లు ఇంకా ఉన్నాయా లేదా చూసుకోవాలనిపించింది. మొదటి రోజు గట్టు పక్కన కూలబడి రొప్పింది. నాట్లేసి, కలుపు తీసి, బస్టాండుల్లో అత్తను ఎత్తుకుని మోసిన ఒళ్లు, నెల తిరగకముందే దారికొచ్చింది. కాలువలో నీళ్లు పారుతుంటే వాటితో సమంగా పరుగెత్తేది. అలా పరుగెత్తుతున్నంతసేపూ కోమల తన వెనకే ఎక్కడో ఉన్నట్టు, ఆయాసపడుతున్నట్టు ఊహించుకునేది.

ఒక ఆదివారం కోమల నిజంగానే వచ్చింది. కాలువ కట్ట మీద దూరం పరుగు సాధన చేయాలి, నీళ్లు పట్టుకుని బండి మీద పక్కన రమ్మని అడిగింది. గ్లోరీ కాదనలేదు. నీళ్ల సీసాలు సంచిలో వేసుకుని ఇస్రాయేలు టీవీఎస్ బండి తీసింది. కొత్త బూట్లు, చేతికి గడియారం, తలకు టోపీ, కోమల బాగానే పరుగెత్తుతోంది. గట్టు మీద పోయే మనుషులు ఆగి చూస్తున్నారు. టీచరమ్మా అని చేతులూపుతున్నారు. బండి మీదున్న మనిషిని ఒక్కరూ పలకరించలేదు. ఆగాల్సిన తూము దగ్గర గ్లోరీ ఆగలేదు. ఇంకో తూము దాకా పోయింది. అక్కడా ఆగకుండా మలుపు దాటి, తుమ్మచెట్టు నీడన బండి ఆపింది. ఎండ ముదిరింది. చివరికి కోమల తడబడుతూ వచ్చి, గట్టు మీద కూలబడి కక్కుకుంది. గ్లోరీ సీసా అందించింది. బండికి బ్రేకులు సరిగ్గా పడుతలేవు అన్నది. కోమల తలూపి తాగింది. అంతకు మించి ఏమీ అనలేదు. అననందుకు గ్లోరీకి ఆ వారమంతా అన్నం సయించలేదు.

పరుగు రోజున ఇంటిల్లిపాదీ హైదరాబాదు పోయారు. సన్నగా తుంపర పడుతోంది. ఒక ఫ్లైఓవరు దిగే చోట తాడు ఇవతల నిలబడి ఎదురుచూశారు. పోతున్నవాళ్లు పోతూనే ఉన్నారు. కోమల రాలేదు. ఆగిపోయి ఉంటుందేమోనని సాల్మన్ కంగారుపడుతుంటే, గ్లోరీ లోలోపల దేవుణ్ని అదే అడుగుతోంది. అడుగుతున్నానని తెలిసి కూడా మానుకోలేకపోయింది.

కోమల వచ్చింది. కుంటుతూ వచ్చి, వాళ్లను చూడగానే రోడ్డు అంచున కూర్చుండిపోయింది. పిక్క పట్టేసింది. సాల్మన్ పక్కన మోకరిల్లి పిక్క రుద్దుతూ, చాలు, ఇంత దూరం వచ్చినవు, ఇక లే పోదాం అంటున్నాడు. కోమల అతని వైపు చూడలేదు.

"నువ్వు చెప్పక్కా. ఆపాల్నా?"

ఆపమనే మాట గ్లోరీ నాలుక చివరే ఉంది. ఆ మాటతో ఫ్లెక్సీ, పాస్టరు ప్రార్థన, టీచరమ్మా అన్న పిలుపులు అన్నీ ఒక్కసారి మాసిపోతాయి. సాల్మన్‌ను పోయి మందు స్ప్రే ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడమని పంపి, కోమల పక్కన కూర్చుంది.

"ఆ దినం కట్ట మీద నువ్వు కావాలనే ముందటికి పోయినవని నాకెరుకే," అన్నది కోమల మెల్లగా. "నాకు తప్పనిపియ్యలే. నేనైనా గట్లనే చేసేదాన్ని."

గ్లోరీ చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

"అత్తమ్మ మీద పాణం ఎక్కువుండి ఉరుకుతలేనక్కా. ఆ పుండు చూడలేక తలుపుకాన్నే కూసున్న. ఆఖరి ఆదివారం ధైర్యం చేసి లోపటికి పోయి, పెదవులు తడుపుదామని నీళ్లు పట్టుకున్న. మొఖం తిప్పుకున్నది. సైగ చేసి నిన్నే పిలువుమన్నది. ఆ పూట నిన్ను చూస్తే ఒళ్లంత మండింది. ఇప్పటికీ మండుతనే ఉన్నది."

గ్లోరీకి ముందు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. తన జన్మలో తనను చూసి కుళ్లుకున్న మనిషి ఒకరున్నారని ఆమెకు ఇంతవరకూ తెలియదు. పొలం, పొయ్యి, పుండు కడిగిన చేతులు, వీటిలో ఒకరు కోరుకునేది ఏముంటుంది? అదీ ఈ బూట్ల టీచరమ్మ. ఆ సంతోషం కాస్త సద్దుమణిగాక కోమల పాదం చేతిలోకి తీసుకుని, అత్త కాళ్లు వత్తినట్టే, వేళ్లను వెనక్కి వంచి పట్టింది.

"లే," అన్నది. "కూసుంటే ఇంకా పడ్తది. నేను పక్కన నడుస్త."

తాడు ఇవతల గ్లోరీ, అవతల కోమల. కొంత దూరం నడక, కొంత దూరం పరుగు. గ్లోరీ చెప్పులు చేతిలో పట్టుకుంది. కోమల పరుగుకు తగ్గట్టు తాను నెమ్మదించాల్సి వస్తోందని అప్పుడే గమనించింది. గీత దాటాక కోమల మెడలో పతకం వేశారు. విలేకరులు ఆమె పేరు, బడి పేరు అడిగి రాసుకున్నారు. జానమ్మ పేరు కూడా రాసుకున్నారు. గ్లోరీ పక్కనే నిలబడి ఉంటే, కొంచెం జరగమ్మా, ఫొటోకు అడ్డమొస్తున్నవు అన్నారు. జరిగింది. కడుపులో మంట మళ్లీ మొదటికొచ్చింది. కానీ ఈసారి దానికి ఒక దారి కనబడింది.

మరుసటి ఏడు పేర్లు రాయించే రోజులు రాగానే గ్లోరీ తానే కోమలకు ఫోన్ చేసింది. నాదీ రాయి అన్నది.  కోమల, ఎవరి యాదికని రాయాల్నక్కా, అత్తమ్మ పేరేనా అని అడిగింది.

"ఎవరి పేరూ వద్దు. అత్తకు చెయ్యాల్సింది ఆమె బతికున్నప్పుడే చేసిన. పైసలు ఆ ఆశ్రమానికే పోవాలె, గీ ఉరుకుడు మాత్రం నాది."

నాట్ల కూలికొచ్చే ఆడవాళ్లు తోచినంత చందా ఇచ్చారు. ఫ్లెక్సీ ఎవరూ వేయలేదు. ఇస్రాయేలు మాత్రం ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకుని, హాలియా బజారులో బూట్లు కొనిచ్చాడు. అవి వేసుకుంటే కాళ్లు తనవి కానట్టు ఉందని గ్లోరీ వారం రోజులు సణిగింది.

ఆ పరుగులో ఆమె కోమలను ఎక్కడ దాటిందో ఆమెకే గుర్తు లేదు. ఒక ఎత్తు మీద కోమల వేసుకున్నలాంటి పసుపు బనీను ఒకటి పక్కకు వచ్చింది, వెనకబడింది, అంతే. ఎండిన పెదాలతో, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో గీత దాటింది. పతకం చేత్తో పట్టుకుని చూసుకుంది. చాలాసేపటికి కోమల వచ్చింది. గ్లోరీ మెడలోని పతకాన్ని, అప్పటికే చెమట ఆరిపోయిన ఆమె ఒంటిని చూసింది. ఎప్పుడొచ్చినవక్కా అని అడిగింది. గ్లోరీ చెప్పింది. కోమల ముఖం ఒక్క క్షణం ముడుచుకుపోయి మళ్లీ తేరుకుంది. ఆ ముడుచుకోవడం ఏమిటో గ్లోరీకి ఒకరు చెప్పనక్కర లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో కోమల తన పతకాన్ని వేళ్లతో తిప్పుతూ కూర్చుంది. నార్కట్‌పల్లి దాటాక ఉన్నట్టుండి, వచ్చే ఆదివారం నుంచి నేనూ కట్ట మీదికి వస్త, ఇద్దరం కలిసి ఉరుకుదాం, నువ్వు పొద్దుగాల ఎన్నింటికి పోతవు అని అడిగింది.

గ్లోరీ కిటికీలోంచి బయటికి చూసింది. నాలుగింటికే లేచి, చుక్కలుండగానే సగం దూరం పూర్తిచేసే మనిషి.

"ఆరు దాటినంక," అన్నది. "బాగ తెల్లారినంకనే పోత."