పెబ్బేరు సంతలో ఆరో భాగం

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే భయం లేదు, పరీక్షలంటే అసలే లేదు. నా భయమంతా ఒక ఇంగ్లిష్ నవలలో పడవ నడిపే పిల్ల ఎక్కడ చచ్చిపోతుందోనని. మంత్రగత్తెలు, మాట్లాడే నదులు ఉన్న రాజ్యం కథ. తొమ్మిది భాగాలు, ఒక్కోటీ ఇటుకంత. (తలకింద పెట్టుకుని పడుకున్న రోజులూ ఉన్నాయి.) ఆరో భాగంలో పడ్డాక నాకు అన్నం సయించలేదు. "పుస్తకంల పడితే దీనికి ఇల్లు కాలినా తెల్వది" అని అమ్మ విసుక్కునేది.

అలాంటి నన్ను తోడు రమ్మని పెద్దనాయన పెబ్బేరు సంతకు తీసుకుపోయాడు. మోకాళ్ల నొప్పులతో సేద్యం వదిలేశాడు, ఎడ్ల జతను అమ్మాలి. అవి కసాయి కోతకు పోకుండా సేద్యగాడి చేతిలోనే పడాలని ఆయన బెంగ. ఎడ్లకు నీళ్లు తెస్తానని బకెట్ పట్టుకుంటూ, "పగ్గం ఎవ్వరి చేతికియ్యకు బిడ్డా. ఇస్తే బేరమైనట్టే" అన్నాడు. సరేనని తలూపి పుస్తకం తెరిచాను. సరిగ్గా అప్పుడే కథలో నది పగబట్టి పడవను తిరగేసింది. దుమ్ముగాలికి పేజీలు ఎగురుతున్నాయి, పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. ఎడ్లను చూస్తూ పక్కన నిలబడ్డ ముసలాయనతో "తాతా, జర పట్టుకో" అని పగ్గం ఇచ్చేశాను.

"నీ మొకం గట్ల పాలిపోయిందేంది? ఎవలన్న సచ్చిండ్రా?" అన్నాడు తాత.

"ఇంక సావలే. మునుగుతుంది."

పక్క జత ఆసామి నవ్వాడు. "పగ్గమిచ్చినవ్ గదమ్మా, ఎడ్లు ఇగ తాతవే."

చుట్టూ జనం మూగారు. ఆ తాత ఎవరో, ఎడ్లను ఎక్కడికి తోలుకుపోతాడో తెలియదు. పెద్దనాయనకు ఏ ముఖం చూపాలి? పగ్గం ఇచ్చేయమని బతిమాలాను.

"ఇస్త తియ్యి. ముందుగాల ఆ మునిగే పిల్ల సంగతేందో చెప్పు."

నాకూ తెలియదే! ఒక్కో వాక్యం చదువుతూ, దాన్ని మన మాటల్లో చెప్పసాగాను. పిల్ల రెండుసార్లు తేలింది, మళ్లీ మునిగింది. తాత కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. అప్పుడే బకెట్‌తో పెద్దనాయన వచ్చాడు. తాత చేతిలో పగ్గం చూసి ఆయన ముఖం నల్లబడింది.

"ఎవలకిచ్చినవే?"

నేను నోరు తెరిచేలోపే తాత చేయెత్తి ఆపాడు. "ఆగు జర. ఆ పిల్ల ఇంక నీళ్లల్లనే ఉన్నది."

పెద్దనాయన తాత కళ్లలోకి చూశాడు. ఏమనుకున్నాడో, బకెట్ దించి పక్కన కూర్చున్నాడు. పేజీ చివర పడవ పిల్ల ఒడ్డున పడి దగ్గింది. తాత "బతికింది" అని పగ్గం తిరిగి నా చేతిలో పెట్టాడు. పెద్దనాయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "సేద్యం చేస్తవా?" అని అడిగి, అవునన్నాక ధర కుదుర్చుకుని మళ్లీ తాతకే ఇచ్చాడు. "కాయితంల పిల్లకే ఏడ్చెటోడు ఎడ్లను కోతకియ్యడు" అన్నాడు, ఊరికి తిరిగిపోయే ట్రాక్టర్ ట్రాలీ ఎక్కాక.

మిగతా మూడు భాగాలూ హాస్టల్ గదిలో తలుపేసుకుని ఒక్కదాన్నే చదివాను. తొమ్మిదోదానిలో ఆ పిల్ల చచ్చిపోయింది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. తాత ఊరి పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా నయమే. ఆయన లెక్కలో ఆ పిల్ల ఇంకా బతికే ఉంది.