కుంచె బాబాయి తల్లి డ్రమ్ము

ఒకప్పుడు ఆ వీధిలో ఏ కొట్టు ముందు నిలబడి తలెత్తినా కుంచె బాబాయి చేతిరాతే కనిపించేది. మందుల షాపు, చెప్పుల షాపు, ఇనుప సామాన్ల కొట్టు, పళ్ళ డాక్టరు, అందరి పేర్లూ ఆయన కుంచె కొసన పుట్టినవే. గడియారాల షాపు గోడ మీద ఆయన వేసిన గడియారం ఎప్పుడూ పదీ పది చూపించేది. అది ఎంత బాగా కుదిరిందంటే సగం వీధి దాన్ని చూసుకునే ఆఫీసులకు బయల్దేరేది. ఆ గోడకు సున్నం కొట్టించాక కొందరి ఉద్యోగాలు కూడా ఊడాయి. పళ్ళ డాక్టరు బోర్డు మీది పన్ను చూసి ఏ నొప్పీ లేనివాడు సైతం దవడ పట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. ఇవి అబద్ధాలని ఎవరైనా అంటే వాళ్ళు ఆ రోజుల్లో ఆ వీధిలో లేరన్నమాట.

ఇంటి వెనక, వంటింటి గోడనానుకుని రేకుల గది. అందులో నడుమెత్తు ఇనుప డ్రమ్ము. దాన్ని బాబాయి ‘తల్లి’ అనేవాడు. పని ముగిశాక డబ్బా అడుగున మిగిలిన రంగును పారబోయడం ఆయన వంశంలోనే లేదు. ఎరుపైనా పసుపైనా తెచ్చి తల్లిలో ఒంపేవాడు. కుంచెలు కడిగిన టర్పెంటైనూ అందులోకే. అన్ని రంగులూ కలిసి తడిమట్టికీ ఏనుగు వీపుకీ మధ్య ఎక్కడో ఉండే ఒక రంగు తయారయ్యేది. కొత్త బోర్డు ఏదైనా సరే, వెనకవైపు పూత దానితోనే. అందువల్ల వీధిలో బోర్డులకు మొహాలు వేరైనా వీపులన్నీ ఒకటే. మేడల మీద బట్టలారేసే ఆడవాళ్ళకు వీధంతా ఒకే ఇంటివాళ్ళు వరసగా నిలబడ్డట్టు కనిపించేది. ఎంత పూసినా డ్రమ్ము తరిగేది కాదు. పూసినదానికన్నా పోసింది ఎక్కువ కదా!

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున ఫోటో ఇస్తే మధ్యాహ్నానికల్లా యజమాని పళ్ళికిలించుకుంటూ తన కొట్టు నెత్తిమీద తానే వేలాడసాగాడు. కుంచె బాబాయికి పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. పేరు మిగిలింది, డ్రమ్ము మిగిలింది. రోజూ కాఫీ తాగగానే మూత ఎత్తి, కర్రతో ఓ తిప్పు తిప్పి, గట్టిగా వాసన పీల్చి మూసేవాడు. ఆ వాసనలో ఆయనకు నిచ్చెనలూ, ఎండా, “కొంచెం పెద్దక్షరాలు వెయ్యి బాబాయ్” అనే కేకలూ వినిపించేవి. ఆయన భార్యకు మాత్రం తలనొప్పి వచ్చేది. వీధంతా ఆవిడను పిన్ని అనే పిలిచేది.

ఒకరోజు మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి వీధివాళ్ళను కూర్చోబెట్టి, ప్రమాదకరమైన వ్యర్థాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగింది. పిన్ని చెయ్యెత్తింది.

“మా ఇంట్లో ఉందమ్మా. ఏళ్ళ తరబడి కూర్చున్న చోటినుంచి కదలదు. దగ్గరికెళ్తే తల తిరుగుతుంది.”

“బాబాయి గురించేనా పిన్నీ?” అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు ఆగాక పిన్ని డ్రమ్ము సంగతి చెప్పింది గానీ, ఆ నవ్వు బాబాయి వెంట ఇంటిదాకా వచ్చింది.

మర్నాడు ఆ ఆఫీసరమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని రేకుల గదిలోకి వచ్చింది. “ఇందులో ఏముందో మీకు తెలుసా తాతగారూ? తెలీకపోతే కొంచెం తీసి ల్యాబుకి పంపిస్తాను.”

ఆ మాట బాబాయికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. “తెలీకపోవడమా! ఏ చుక్క ఏ కొట్టుదో చెప్తా, రాసుకో. ఇదిగో, ఇటు పక్క కారింది చెప్పుల షాపు నీలం. కింద ఆకుపచ్చ మందుల షాపుది. ఈ పసుపు చూశావూ, బడి బస్సుకి రాసింది. అలాంటి పసుపు ఇప్పుడు దొరకదమ్మాయ్, ఎండే అలిసిపోయేది గానీ అది వెలిసేది కాదు. ఇది గ్యారేజీ గేటుకి కొట్టిన ఎర్ర ప్రైమరు. చచ్చినా తుప్పు పట్టనిచ్చేది కాదు.”

ఆమె రాయడం ఆపి తలెత్తింది. “ఆ పాత పసుపులో సీసం ఉండేదండీ. ఆ ఎర్ర ప్రైమరైతే సీసంతోనే చేసేవాళ్ళు. ఇక ల్యాబు అవసరం లేదు. సరుకు ఎలా తయారైందో బాగా తెలిసినవాళ్ళు చెప్తే సరిపోతుందని రూల్లోనే ఉంది. మీరే చెప్పేశారు.”

గుమ్మంలో పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “ఆయన్ని గొప్పలు చెప్పుకోమంటే చాలమ్మా, సొంత డ్రమ్మునైనా పట్టిస్తారు.”

“నువ్వుండవే” అన్నాడు బాబాయి. “ఇంతకీ ప్రమాదమని ఎలా తేలుస్తారు?”

“ముఖ్యంగా నాలుగు ప్రశ్నలు. తొందరగా నిప్పంటుకుంటుందా?”

“అంటుకోవడమా! ఓసారి ఈ కిటికీ పక్కనుంచి ఒకడు బీడీ కాల్చుకుంటూ పోయాడు. వాడికి ఇప్పటికీ కనుబొమలు మొలవలేదు.”

“అవును అని రాస్తున్నా. చర్మాన్నీ ఇనుమునీ తినేస్తుందా?”

“నా చేతులు చూడు, పెళ్ళికొడుకు చేతుల్లా లేవూ?”

“లేదు. దేనితోనైనా కలిస్తే పేలుతుందా, విషపు ఆవిరి వస్తుందా?”

“పేలేది గుమ్మంలో నిలబడింది. డ్రమ్ము నెమ్మదస్తురాలు.”

“లేదు. చెత్తకుప్పలో పూడ్చితే వానకి తడిసి అందులోని విషం నేలలోకి దిగుతుందా?”

బాబాయి డ్రమ్ము కింది నేలవైపు చూశాడు. ఆమే జవాబు చెప్పింది. “సీసం ఉంది కాబట్టి దిగుతుంది. నేలలోంచి బావిలోకి, బావిలోంచి పిల్లల ఒంట్లోకి. నాలుగింట్లో ఒక్కటి తగిలినా ప్రమాదకరమే. మీకు రెండు తగిలాయి.”

“పోన్లే, బళ్ళో కూడా నాకు ఇంతకన్నా ఎక్కువ ఎప్పుడూ రాలేదు” అన్నాడు గానీ, గొంతులో మునుపటి జోరు లేదు. “సీసం ఎంతమ్మా, అడుగూ బొడుగూ. మిగతాదంతా మంచి రంగేగా?”

“విడివిడిగా ఉంచితే ఆ కాస్తే పక్కన పెట్టేవాళ్ళం. కలిపేశాక డ్రమ్మంతా ఒకటే లెక్క. బాగా గీకి ఖాళీ చేసి ఆ మూల పెట్టిన డబ్బాలు చూడండి, అవి మామూలు పాత ఇనుమే. వాటితో పేచీ లేదు.”

బాబాయి డ్రమ్ము అంచు మీద చెయ్యి వేశాడు. చుక్క వృథా కానివ్వకూడదని జీవితమంతా కలుపుతూ వచ్చాడు. ఆ కలపడమే ఇప్పుడు తప్పయి కూర్చుంది. అప్పుడు ఉన్నట్టుండి ఆయనకు రోషం వచ్చింది.

“అసలు దీన్ని చెత్తని ఎవరన్నారు? ఇది రంగు. నా రంగు.”

పిన్ని ఏదో అనబోయింది. ఆ అమ్మాయి ఆపింది. “అది న్యాయమైన మాటే. వాడుతున్నంతకాలం రంగే. పారెయ్యాలనుకున్నప్పుడే వ్యర్థం అవుతుంది. కానీ ఎప్పుడో వాడతానని ఊరికే దాచిపెట్టుకుంటే వాడుతున్నట్టు కాదు తాతగారూ. శుక్రవారం బండి వస్తుంది. ఈలోగా దీనితో ఒక్క బోర్డు పూసి చూపించండి, పిల్లల చెయ్యి తగలని ఎత్తులో. చూపిస్తే రంగని ఒప్పుకుంటా. లేదంటే తీసుకెళ్తా.”

ఇలా ఆ వయసులో బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని పని అడగడానికి బయల్దేరాడు. ఒకప్పుడు కొట్లవాళ్ళే ఈయన గుమ్మం ముందు వరస కట్టేవాళ్ళు. చెప్పుల షాపు ఫోన్ల షాపయింది. మందుల షాపు పెద్దాయన పోయి కొడుకు కూర్చున్నాడు. అతను కుర్చీ వేశాడు, చల్లని నీళ్ళిచ్చాడు, బోర్డు మాత్రం వద్దన్నాడు.

“నీ బోర్డుతో బాధేంటంటే బాబాయ్, అది చావదు. ఫ్లెక్సీ అయితే నాలుగు నెలలకి చిరుగుతుంది, కొత్త ఫోటో వేసుకోవచ్చు.”

బయటికొచ్చి తలెత్తి చూస్తే గాలికి ఫ్లెక్సీ అంచు లేచింది. దాని వెనక పాత బోర్డు అలాగే ఉంది. అక్షరాలు కప్పబడిపోయినా, పక్కనుంచి తల్లి రంగు పూసిన వీపు కనిపిస్తోంది. బాబాయి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు. సైకిలువాడు గంట కొట్టి తప్పుకోమనేదాకా కదల్లేదు.

చివరికి మిగిలింది బావమరిది టైలరు దుకాణం. అక్కడికి ఆఖర్న రావడానికి కారణం మొహమాటం.

“నా దగ్గరికి ముందే రావచ్చుగా బావా” అన్నాడు టైలరు, నోట్లోంచి గుండుసూదులు తీసి. “ఊరంతా తిరిగి వచ్చావంటే నా కొట్టు ఊళ్ళో లేదనేగా నీ ఉద్దేశం?”

“నువ్వెటూ కాదనవు కదరా. కాదనని వాడిని అడిగితే పని దొరికినట్టు అవుతుందా?”

గురువారం పొద్దున ఇద్దరూ బోర్డు దించారు. దుమ్ము లేవకుండా తడిపి మరీ గీకాలని ఆఫీసరమ్మాయి చెప్పింది. బాబాయి నీళ్ళు చల్లి గీకుతుంటే నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద మొట్టమొదట రాసిన ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. అవి రాసేనాటికి ఈ దుకాణం మామగారిది, బాబాయికి ఇంకా ఆయన మామగారు కాదు. గుమ్మంలో బొత్తాలు కుడుతూ కూర్చున్న పిల్ల తలెత్తి “ఆ చివరిది వాలింది” అంది. “వాలింది అక్షరం కాదు, నీ మెడ” అన్నాడు నిచ్చెన మీదినుంచి. అన్నాడే గానీ, మర్నాడు వచ్చి దిద్దాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒక్క అక్షరాన్ని అన్ని రోజులు దిద్దిన పెయింటరు భూమ్మీద ఇంకొకడు లేడు.

పిన్ని కాఫీ పట్టుకొచ్చి, బయటపడిన ఆ అక్షరాలను చూసి గ్లాసు కింద పెట్టింది. “ఇప్పటికీ వాలే ఉంది” అంది.

బాబాయి డబ్బాలో తల్లి రంగు తీసుకుని బోర్డు వీపు మీద మొదటి గీత లాగాడు. రంగు సాగలేదు. విరిగిన పాలలా పలుకులు పలుకులుగా నిలిచింది. గుడ్డలో వడకట్టాడు, టర్పెంటైను కలిపాడు, మళ్ళీ లాగాడు. కాసేపు పట్టుకున్నట్టే ఉండి ముడతలు పడి కిందికి జారింది. చెయ్యి పెట్టి చూడకుండానే ఆయనకు అర్థమైంది. ఎండాక అది పొలుసులుగా రాలుతుంది.

“బానే ఉంది బావా” అన్నాడు టైలరు. “వెనకవైపేగా, ఎవడు చూడొచ్చాడు? కట్టేద్దాం. రేపు ఆ అమ్మాయి చూసి సరే అని వెళ్తుంది. నీ డ్రమ్ము నీకుంటుంది.”

ఆ మాట నిజం. ఒక్క మేకు కొడితే చాలు, తల్లి ఇంట్లోనే ఉంటుంది. బాబాయి కుంచె పట్టుకుని బోర్డు వంక చూశాడు. ఇన్నేళ్ళుగా డ్రమ్ము పోవాలని మొక్కుకున్న పిన్నే దగ్గరికొచ్చి, “ఇంకోసారి వడకట్టి చూడండి” అంది మెల్లగా.

చూశాడు. అదే.

“దీన్ని పైకెక్కించి నా పనేనని చెప్పుకోలేనురా” అని గుడ్డతో బోర్డును మెరిసేదాకా తుడిచాడు. ఆ గుడ్డనూ డబ్బాలోనే వేసి మూత పెట్టాడు.

శుక్రవారం బండి వచ్చింది. “బోర్డు వేశారా?” అని అడిగింది ఆఫీసరమ్మాయి.

“లేదమ్మా. తీసుకుపో.”

ఆమె ఇంకేమీ అడగకుండా డ్రమ్ముకు చీటీ అంటించింది. సరుకు పేరు రాసింది, అంటుకునేది, సీసం ఉన్నది అని రాసింది. “ఎప్పటినుంచి అని ఇక్కడ తేదీ వెయ్యాలి.”

“గడియారాల షాపుకన్నా ముందు” అంటూ బాబాయి వేళ్ళు మడవసాగాడు. “మా పెళ్ళికి ముందే, అప్పుడు నాకు మీసం కూడా...”

“రంగు పోయడం మొదలెట్టిన రోజు కాదు తాతగారూ. ఇది ఇక పనికిరాదని మీరెప్పుడు అనుకున్నారు?”

బాబాయి మడిచిన వేళ్ళు విప్పేశాడు. “నిన్న. టైలరు కొట్లో.”

“అయితే నిన్నటి తేదీ. అంతకుముందంతా రంగే.”

బాబాయి ఆమెచేత ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత ఇంట్లోకి కేకేశాడు. “విన్నావటే? ఇన్నేళ్ళూ రంగేనట. చెత్తగా ఉన్నది ఒక్క రాత్రే!”

“ఆ ఒక్క రాత్రీ నా వంటింటి పక్కనేగా ఉంది” అంది పిన్ని. అంటూనే వచ్చి ఆయన పక్కన నిలబడింది.

కూలీలు డ్రమ్ము మూత బిగించి, ఆపసోపాలు పడుతూ బండి ఎక్కించారు. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి కిటికీలోంచి తల బయట పెట్టాడు. “ఇంత బరువేంటి తాతా, ఏం పోశావేంటి ఇందులో?”

“ఏం పోశానా?” బాబాయి బండి రేకు మీద చెయ్యి ఆనించాడు. “మొదట చెప్పుల షాపు నీలం. ఆ నీలం ఎలాంటిదంటే నాయనా, వానాకాలంలో కూడా ఆ కొట్టు మీద మాత్రం మబ్బు కనిపించేది కాదు...”

డ్రైవరు ఇంజను ఆపేశాడు.