మా కప్పు, వాళ్ల ఫొటో

2006లో నేను దుబాయ్ దగ్గర అల్ ఐన్‌లో చదువుతుండగా మా కాలేజీలో తొలిసారి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. మగవాళ్ల కంటపడకూడదని హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, ఆ ఉక్కలోనే ఆడించేవాళ్లు. మోకాళ్లు చెక్కుకుపోయినా ఆ ఏడాది కాలేజీల పోటీల్లో కప్పు మాదే. అదే కాలేజీలో మా అన్నయ్య ఆడిన అబ్బాయిల జట్టు మాత్రం మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టింది.

ఏడాది చివర కాలేజీ పత్రిక వచ్చింది. 'ఫుట్‌బాల్ విజేతలు' అన్న శీర్షిక కింద, మా కప్పు పట్టుకుని నవ్వుతున్నది అన్నయ్య జట్టు!

మండిపోతూ పత్రిక పని చూసే మేడమ్‌ని నిలదీశాను.

"మీ ఫొటోలు వేయొద్దన్నది మీ ఇళ్లవాళ్లే కదా? పేజీ ఖాళీగా వదిలేయాలా?" అందావిడ.

వారం తిరక్కుండానే నాన్న ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు.

"నాన్నా, ఆ కప్పు గెలిచింది నేను!"

"ఎవరు గెలిస్తే ఏంది? పేరు మనింటికే వచ్చిందిగా, ఖలాస్. దీనికింత యాగీ ఎందుకమ్మే?"

అన్నయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నెల్లూరు వచ్చేసినా ఆ ఫ్రేము మా గోడ దిగలేదు. అమ్మాయిల ఫొటో వేయకపోవడం పద్ధతి అన్నారు, సరే అన్నాను. మేం గెలిచిన కప్పును ఓడినవాళ్ల చేతిలో పెట్టడం ఏం పద్ధతో ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.

— సుజాత, నెల్లూరు