లోపలి మడత

ఆ దర్జీ ఆవిడ మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు కూడా తియ్యదు, భుజం మీదికి విసురుకుంటుంది, అంతే. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. పాత చొక్కా ఆదిగా ఇస్తే ఒప్పుకోదు, మనిషి వచ్చి నిలబడాల్సిందే. పిల్లల గౌన్లకు మాత్రం ఎవరూ అడక్కపోయినా లోపల నాలుగు వేళ్ల మడత వదులుతుంది. "ఎదిగే పిల్లలు, విప్పుకుంటే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది" అంటుంది. ఎప్పుడో రక్తం ఇచ్చిన రోజున ఎముక మూలుగ దానానికీ పేరు రాయించుకుంది. ఇన్నేళ్లకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది: ఎవరో రోగికి ఈవిడ మూలుగ సరిపోయిందట. అది విని అక్క ఆగమేఘాల మీద వచ్చి పడింది.

"ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఎముకలు పొడిపించుకుంటావా? మూలుగ ఇచ్చొచ్చి మూలుగుతూ పడుకుంటే నీకెవరు చేస్తారే?"

"నువ్వున్నావుగా" అంది ఆవిడ, సూదులు తియ్యకుండానే. "లోకమంతా గాలిస్తే ఆ మనిషికి కుదిరింది నా కొలతేనట. గుమ్మంలోకొచ్చిన కొలతని తిప్పి పంపమంటావా?"

అక్క గొణుక్కుంటూనే ఆసుపత్రికి సంచీ సర్దింది.

అక్కడ టేపు తీసెయ్యమన్నారు. మెడ బోసిపోయేసరికి ఆవిడ చెయ్యి మాటిమాటికీ అక్కడే తడుముతోంది.

"ఇంతకీ ఎవరికమ్మా?" అని నర్సును అడిగింది.

"పేర్లు చెప్పకూడదండీ. చిన్నపిల్ల, అంతే."

తడిమే చెయ్యి ఆగింది. ఆవిడ మంచం మీద వెనక్కి వాలుతూ, "ఎదిగే పిల్లన్నమాట" అంది. "కాస్త ఎక్కువే తియ్యండమ్మా."