జాడీ వెనక నడిచిన కూర

కడపలో నెహెమ్యాను ఎరిగినవాళ్లకు ఆయన ఇంటిపేరు గుర్తుండదు గానీ, ఆయన ద్రాక్ష జాడీ గుర్తుంటుంది. బొగ్గింజన్ల కాలంలో నందలూరు రైలు షెడ్డులో ఫిట్టరుగా చేరినవాడు. పక్క క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య క్రిస్మస్‌కు ఇంట్లోనే వైను పెట్టేది. జాడీ ఎత్తి దించడానికి పిలిస్తే పోయి, చూసి చూసి నేర్చుకున్నాడు. నల్లద్రాక్ష చేత్తో చిదిమి, చక్కెర, గుప్పెడు గోధుమలు, కాసిని లవంగాలు వేసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ పొద్దున చెక్కతెడ్డుతో కలపాలి. పండగ ముందు వడకట్టాలి. రిటైరై కడపలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు వదల్లేదు.

ఆ వైనుకు జోడు రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. పండగ మరునాడు సాయంత్రం షెడ్డు స్నేహితులు వచ్చేవాళ్లు. అందరికన్నా ముందు మైదుకూరు నుంచి బస్సెక్కి పెద్దన్న అనే ఆయన దిగేవాడు. నెహెమ్యా పక్కన ఇంజన్ల కింద దూరి పనిచేసిన మనిషి. నోటికి మొహమాటం లేదు.

"పోయినేడు పాకం మాదిరుండె. ఈయేడు రవ్వంత పుల్లగుండాది. అయినా సంగటి ముద్ద మీద పడితే భలే కలిసిపోతాది. నీ చేతిలో ఏముండాదప్పా?"

"జాడీ నా మాట వింటాది రా!" అని మీసం దువ్వుకునేవాడు నెహెమ్యా.

వంట మాత్రం ఆయన భార్య రత్నమణిది. వడ్డించి, వంటింటి గడపలో నిలబడి అడిగేది: "కూరెట్లుండాదన్నా?"

"కూరకేమమ్మా, బాగుండాది" అనేవాడు పెద్దన్న. మాట మళ్లీ వైను మీదికే పోయేది.

ఆమె వాళ్లతో కూర్చునేది కాదు. తండ్రి సారాయికి బలైన పుట్టిల్లు ఆమెది. చర్చిలో ప్రభుబల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా చుక్క మింగనని తల్లికి మాటిచ్చింది. అందుకే నెహెమ్యా ఆమె ముందు ఎప్పుడూ గ్లాసు పెట్టలేదు. పక్కన కూర్చుని తినమనీ అనలేదు. ఎప్పుడైనా ఆమె వైను గురించి ఏదైనా అనబోతే, "దీని సంగతి నీకేం తెలుసులే" అని నవ్వేవాడు.

కరోనా ఇద్దరికీ వచ్చింది. ఇద్దరూ లేచారు. కొన్నాళ్లు రత్నమణికి రుచీ వాసనా తెలియలేదు. తర్వాత వచ్చేశాయని చెప్పింది. రోజూ వంట మామూలుగానే ఉండేది గనక నెహెమ్యా ఆ సంగతి మరిచిపోయాడు.

ఆ తర్వాతి పండక్కి మొదటి గుక్కకే పెద్దన్న మొహం చిట్లించాడు. "ద్రాక్ష యాడ తెచ్చినావప్పా? కూర తిని తాగితే నోరు చేదు కొడతాండాది."

మరుసటి ఏడు నెహెమ్యా తానే తోటకు పోయి గుత్తులు ఏరి తెచ్చాడు. చక్కెర మార్చాడు, జాడీని వేణ్ణీళ్లతో తోమాడు. లాభం లేకపోయింది. ఆపై ఏడు పెద్దన్న సంగటి తిన్నాడు, నీళ్లు తాగాడు, గ్లాసు ముట్టలేదు. "కడుపులో బాగలేదప్పా" అంటూ ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. మొహమాటం ఎరగని మనిషి అబద్ధం చెప్పాడే అని నెహెమ్యాకు అన్నం సయించలేదు.

తెల్లవారి జాడీని పెరట్లోకి మోసుకుపోయాడు. బండకేసి కొడదామని ఎత్తేసరికి రత్నమణి అడ్డం వచ్చింది.

"దాన్ని పగలగొట్టొద్దయ్యా. తప్పు దానిది కాదు, నాది."

"నువ్వేం చేసినావే?"

"ఏమీ చేయలేకపోతిని. అదే తప్పు." జాడీని ఆయన చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టింది. "నువ్వు వడకట్టిన పొద్దు, కోడి తేను పోతావు గదా. అప్పుడు ఒక చుక్క నాలిక మీద పెట్టుకుని చూసేదాన్ని."

"తాగినావా?"

"మింగలేదు! పెరట్లో ఊసేస్తి. అమ్మకిచ్చిన మాట మాటే." ఆమెకే నవ్వొచ్చింది. "నీ జాడీ ఏ యేడూ ఒక్క రుచి కాదయ్యా. తియ్యగుంటే కారం పెంచేదాన్ని. పుల్లగుంటే చింతపండు తగ్గించి, కొబ్బరి నూరి పోసేదాన్ని. వగరుంటే సంగట్లో నెయ్యి. అది యాడికి పోతే కూర దానెనక పోవల్ల. ఇప్పుడు నాలిక చెక్క మాదిరుండాది. చెయ్యి అలవాటుతో రోజూ వంట గడిచిపోతాండాది. వైనుతో తినే ఆ కూరకు చెయ్యి చాల్దు."

"రుచి వచ్చిందంటివే?"

"మిరపకాయ బజ్జీలు తెచ్చి, ఎట్లుండాయని అడిగితివి. నీ మొగం చూసి బాగుండాయంటి."

"మరి ఇన్నేండ్లు ఇది ఎందుకు చెప్పలేదు?"

"కూరెట్లుండాదని ప్రతి యేడూ గడపలో నిలబడి అడగతానే ఉంటి గదా."

నెహెమ్యా పక్కింట్లో ఉండే నాతో ఇదంతా చెప్పినప్పుడు వంటింటివైపు చూడలేదు. "జాడీ నా మాట వినలేదప్పా. ఆయమ్మ జాడీ మాట వినింది. పొగడ్తలన్నీ నేను తింటి" అన్నాడు.

ఈ ఏడు ఎవరినీ పిలవలేదు. జాడీ మాత్రం పెట్టాడు. పండగ మరునాడు కింద రెండు కంచాలు వేసి, రత్నమణి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆమె ముందు గ్లాసులో నీళ్లు, తన ముందు వైను. ముద్ద పులుసులో ముంచి తిని, ఒక గుక్క తాగాడు.

"ఎట్లుండాది?" అంది.

"బాగుండాది."

"బాగుండాదంటే నాకేం తెలుస్తాది? ముందు కారమొస్తాందా, పులుపొస్తాందా? తాగినాక మిరపకాయ నిలబడతాండాదా, పోతాండాదా?"

నెహెమ్యా ఇంకో ముద్ద తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెళ్లైన నాటి నుంచీ తింటున్న కూర. దేని తర్వాత ఏది వస్తుందో ఒక్కనాడూ చూసుకోలేదు.

"పులుపు..." అని ఆగాడు. "కాదు. ఉండు. ఇంకోసారి తిని చెప్తా."

రత్నమణి గరిటెతో పులుసు పోసి, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె కంచంలో సంగటి చల్లారిపోతోంది.