రేవు ఎక్కేటప్పుడు దిగనివాళ్ళు

మా గోదావరి వాళ్ళకి బండి నడపడం వచ్చు గానీ ఎత్తెక్కించడం రాదని మా ఆయన అంటుంటాడు. నిజమే, మాకు ఎత్తులెక్కడున్నాయి? అరచేయి లాంటి నేల. కాలువ వంతెన ఎక్కి దిగితే అదే మా కొండ. ఎప్పుడో అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకుంటే తప్ప ఘాట్ రోడ్డు మొహం చూడం. కానీ మా సముద్రం ఒడ్డు జనానికి రోజూ ఎక్కాల్సిన ఎత్తు ఒకటుంది. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి, అంటే బళ్ళనీ మనుషుల్నీ కలిపి దాటించే ఆ ఇనప పడవెక్కి, గోదావరి దాటి నరసాపురంలో దిగితే, నీళ్ళ అంచు నుంచి రోడ్డు దాకా సిమెంటు వాలుంటుంది. పోటు మీద నీళ్ళు పైకొస్తాయి కాబట్టి అది చిన్నదే. పాటు వచ్చి నీళ్ళు వెనక్కి లాగాయంటే పంటు కిందికి దిగిపోతుంది, వాలు పొడుగవుతుంది, పాచి బయటపడుతుంది. దాని మీద చెప్పుల్లేని కాళ్ళే జారతాయి, చక్రాల సంగతి చెప్పాలా!

మా ఆయన చేపల బోటు మీద పనిచేసేవాడు. వల లాగే తాడు ఒకసారి ఎడమ కాలికి చుట్టుకుంది. మోకాలి కింద నుంచి తీసేశారు. పెట్టుడు కాలుతో నడక వచ్చింది గానీ అలల మీద నిలబడటం రాలేదు. ఏడాది పాటు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళ చెప్పులు చూశాడు. ఆ తర్వాత ఎవరో చెబితే, క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ గేర్ల వ్యాన్ కొన్నాం. కుడికాలు ఒక్కటుంటే చాలు, నడపొచ్చు. స్టీరింగు ముందు కూర్చున్న రోజున ఆయన మొహంలో వచ్చిన కళ మా పెళ్ళిలో కూడా నేను చూడలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. నవ్వాడు గానీ కాదనలేదు.

పొద్దున్నే మా ఊరి ఆడవాళ్ళు చేపల తట్టలతో ఆ వ్యాన్‌లోనే నరసాపురం బజారుకి వెళ్ళేవాళ్ళు. నేను అక్కడ బడిలో పంతులమ్మని కాబట్టి నాదీ అదే దారి. ముందు సీటు నాది, వెనకంతా ఐసూ, చేపలూ, కబుర్లూ. బడిలో పిల్లలు నన్ను చూడకముందే వాసన బట్టి పోల్చుకునేవాళ్ళు.

పంటు మీద ఒక పద్ధతుంది. బండి రేవెక్కేటప్పుడు అందులో జనం ముందే దిగి నడిచి వెళ్ళిపోవాలి. ఖాళీ బండిని డ్రైవరు ఎక్కిస్తాడు. అందరూ అలాగే చేస్తారు. మొదటి రోజు పంటు మనిషి వచ్చి మా అద్దం మీద కొట్టి "దిగండమ్మా దిగండి" అన్నాడు. వెనక సీట్లోంచి మా చిన్నత్త, అంటే మా ఆయన పిన్ని, తల బయటపెట్టింది. ఆవిడ నోరు రేవు అవతలికి కూడా వినబడుతుంది. "మా అబ్బాయి నడుపుతుంటే మేం దిగడమేంటయ్యా? పడవ మీద పుట్టినోడు. నువ్వు నీ తాడు చూసుకో" అంది. ఎవరూ దిగలేదు. వాలు మీద ముందు ఆటోలు ఆగితే మా బండీ ఆగేది, ఇంజను గుర్రుమనేది, మళ్ళీ కదిలేది. పైకెక్కాక మా ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తే. ఆ రోజు నుంచి రేవు మీద మా బండిలోంచి ఎవరూ దిగలేదు. దిగాలా వద్దా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

బండి ఇంకా కొత్తదే. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. ఒకరోజు బాగా పాటు మీద నరసాపురం చేరాం. బళ్ళు దిగడానికి పంటు ముందుండే ఇనప రేకుని సిమెంటు మీదికి దించారు. మా ముందు చక్రాలు వాలు మీదికి వెళ్ళాయి, వెనక చక్రాలు ఇంకా రేకు మీదే ఉన్నాయి. అప్పుడు కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. ఎదురుగా గేరు అంకె చూపించే చోట ఏదో ఆరిపోతూ వెలుగుతోంది. అంతలో బండి వెనక్కి జారింది. కొంచెమే, జానెడు ఉంటుందేమో.

ఆయన కుడికాలు బ్రేకు మీద వేసి తొక్కిపట్టాడు. చేత్తో హ్యాండ్ బ్రేకు లాగాడు. అయినా పాచి మీద టైర్లు సన్నగా జారుతూనే ఉన్నాయి. కింద రేకు నీళ్ళతో పాటు లేస్తోంది, దిగుతోంది. పక్క తలుపు తీస్తే కింద గోదావరి. "ఎవరూ కదలకండి" అన్నాడు మా ఆయన. అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఊళ్ళో పేరుమోసిన నోళ్ళన్నీ ఆ బండిలోనే ఉన్నాయి, ఒక్కటి లేవలేదు. తట్టల్లోంచి ఐసు నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది.

పంటు మనిషి పరిగెత్తుకొచ్చి చక్రాల కింద చెక్కలు తోశాడు. పైనుంచి ట్రాక్టరు తెప్పించారు. తాడు కట్టి, అది బిగిసేదాకా ఆయన బ్రేకు మీద కాలు తియ్యలేదు. తొడ వణుకుతోంది. నేను చెయ్యి వెయ్యబోతే "ముట్టుకోకు" అన్నాడు. పైకి లాగాక అందరం దిగాం. ఆయన దిగలేదు. చిన్నత్త కిటికీ దగ్గరికి వెళ్ళి, "కాలు చాపుకోరా, పట్టేసి ఉంటది" అని మాత్రం అంది.

బండిని రాజమండ్రి సర్వీసు సెంటరుకి లారీ మీద పంపాం. గేర్ బాక్స్ పోయిందన్నారు. ఇంత తొందరగా ఎందుకు పోయిందో తేల్చుకుందామని ఇద్దరం వెళ్ళాం. అక్కడ చల్లటి గదిలో మెడకి టై కట్టుకున్న అబ్బాయి, "డ్రైవరు ఎవరండీ?" అని అడిగాడు. "నేనే" అన్నాడు మా ఆయన. అబ్బాయి చూపు పెట్టుడు కాలి మీదికి దిగి అక్కడే ఆగింది. "అదేనండి మరి. సార్‌కి కంట్రోల్ కష్టమవుతుంది కదండీ. రెండు కాళ్ళూ ఉన్న డ్రైవర్ని పెట్టుకోండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదని చెంప మీద కొట్టాలనిపించింది నాకు.

పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి అప్పటిదాకా కునుకు తీస్తున్నాడు. లంక గ్రామం మనిషట. అదే రకం వ్యాన్, పెళ్ళివాళ్ళని అన్నవరానికి తిప్పుతాడట. ఆయన గబుక్కున లేచాడు. "ఏంటండీ మీరనేది? నాకు రెండు కాళ్ళూ ఉన్నాయి కదండీ! మరి నా బండి గేర్ బాక్స్ ఎందుకు పోయిందండీ? నేను కూడా ఒకటి తీయించుకు రావాలాండీ?" అని పంచె పైకెత్తి మరీ చూపించాడు. నవ్వు వచ్చే సంగతే గానీ ఎవరూ నవ్వలేదు. మా ఆయన నేల చూస్తున్నాడు.

ఆ గొడవకి లోపల్నుంచి ఇంజనీరు వచ్చాడు. మా ముగ్గుర్నీ షెడ్డులోకి తీసుకెళ్ళి విప్పిన భాగాలు చూపించాడు. లోపలి క్లచ్ ప్లేటు మాడిన పెనంలా నల్లగా, అంచులు నీలంగా ఉంది. "పెడల్ లేదు గానీ క్లచ్ లోపల ఉంటుందండీ. వాలు మీద ఆగాల్సి వస్తే బ్రేకు తొక్కుతున్నారా, లేక యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెడుతున్నారా?" అని అడిగాడు. మా ఆయనా, లంక పెద్దమనిషీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్రేకు మీంచి కాలు మార్చేలోపు బండి వెనక్కి జారుతుంది. వెనకాల గోదావరి ఉన్నవాడు కాలు మార్చడు. రేవు దారిలో తిరిగేవాళ్ళంతా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెడతారు. అలా చేస్తే లోపలి క్లచ్ మాడుతుందనీ, హ్యాండ్ బ్రేకు వేసి ఆగాలనీ ఎవరూ చెప్పలేదు.

"సరే, వాలు ఎక్కేటప్పుడు బండి ఖాళీయేనా?" అన్నాడు ఇంజనీరు.

"కాదండి. అందరూ ఉంటారు" అన్నాడు మా ఆయన.

"అదేంటండీ, పంటు మీద దింపేస్తారు కదా! ఎందుకు దిగరు?"

దానికి జవాబు నా దగ్గరుంది. "ఈయన నడుపుతున్నాడని దిగరండి" అన్నాను. ఇంజనీరుకి అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమైంది, కానీ నేననుకున్నట్టు కాదు. గేర్ బాక్స్ కంపెనీయే మారుస్తుందని ఇంజనీరు చెబుతున్నా ఆయన వినడం లేదు.

బస్సులో తిరిగొస్తూ రావులపాలెం దాటాక అన్నాడు: "అయితే జాలిపడి కూర్చున్నారన్నమాట. దిగితే కుంటోడు బాధపడతాడని."

నేను చాలా చెప్పాను. పంతులమ్మని కదా, చెప్పడం అలవాటు. ఒక్కటీ చెవికెక్కలేదు. బండి బాగై వచ్చింది, ఎవరో నడుపుకొచ్చి వాకిట్లో పెట్టి వెళ్ళారు. తాళంచెవి దేవుడి పటం కింద మేకుకి తగిలించాడు. డ్రైవర్ని చూడమన్నాడు. మళ్ళీ అరుగు మీదికి చేరాడు. మళ్ళీ ఆ చెప్పులే చూస్తున్నాడు. నాకు భయం వేసింది. కాలు పోయినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. అప్పుడు మనిషి మంచం మీద ఉన్నా నాతో పోట్లాడేవాడు. ఇప్పుడు అన్నం చల్లారిపోయినా ఒక్క మాట అనడం లేదు.

ఆడవాళ్ళు ఆటోల్లో వేలాడుతూ బజారుకి వెళ్తున్నారు. ఒక సాయంత్రం చిన్నత్త ఖాళీ తట్టతో తిన్నగా మా అరుగు దగ్గరికొచ్చింది. ఆయన అన్న మాట నేనే ఆవిడకి చెప్పాను, దాచడం దేనికి? తట్ట నేలకేసి కొట్టింది.

"జాలంట్రా? ఏరా? జాలేస్తే ముద్ద అన్నం పెడతారు గానీ ప్రాణం పెడతారంట్రా ఎవరైనా? ఆ రేవులో నీ వెనకాల కూర్చున్నదాన్ని నేను. నాకు ఈత కూడా రాదు."

ఆయన తలెత్తలేదు. "మీ బరువుకే బండి పోయింది పిన్నీ" అన్నాడు.

"పోతే పోయింది. బాగైంది కదా! రేపు తియ్యి" అని వెళ్ళిపోయింది. తెల్లారి చూస్తే మేకుకి తాళంచెవి లేదు.

ఆ రోజూ పాటే. నరసాపురం రేవు దగ్గరవుతుంటే పాచి పట్టిన వాలు కనబడింది, దాని మీద ముందు బళ్ళ వరస కూడా. ఆయన ఇంజను వెయ్యలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, అద్దంలోకి కూడా చూడకుండా అన్నాడు: "దిగండి. అందరూ దిగండి." ఆ మాట పైకి తేవడానికి ఆయనకెంత కష్టమైందో పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. నా వైపు తిరిగి, "నువ్వు కూడానే" అన్నాడు.

దిగాం. చిన్నత్త తన తట్ట నెత్తికెత్తుకుంది. మిగతావాళ్ళూ ఎత్తుకున్నారు. బండి రేకు దాటి వాలెక్కింది. నడిచేవాళ్ళు ఓ పక్కగా, గోడ వారనుంచి పోవాలి. చిన్నత్త గోడ వైపు పోలేదు. తిన్నగా వెళ్ళి బండి వెనక, దాని నీడలో నడవడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక ఇంకొకావిడ, ఆ వెనక మరొకావిడ. బండి జారిందంటే ముందు వాళ్ళే. పంటు మనిషి గొంతు చించుకున్నాడు: "వెనకాల నడవకండమ్మా! పక్కకి రండి!" ఎవరూ రాలేదు. నాకు గోడ వారనే నడవాలని ఉంది, అబద్ధం దేనికి? అయినా పుస్తకాల సంచి గుండెకి హత్తుకుని వెళ్ళి చిన్నత్త పక్కన చేరాను.

వాలు సగంలో ముందు ఆటో ఆగిపోయింది. మా బండీ ఆగింది. ఇంజను గుర్రుమనలేదు. వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. హ్యాండ్ బ్రేకు లాగిన కరకర వినిపించింది. ఆ ఎర్ర దీపాలే చూస్తూ నిలబడ్డాం. టైరు అంగుళం జరగలేదు. పక్క అద్దంలో ఆయన కళ్ళు కనిపించాయి. మమ్మల్ని చూశాడు. ఎవరెవరు ఎక్కడున్నారో మొత్తం చూశాడు. ఆటో కదిలింది. మా బండి మెల్లగా, వెనక్కి వెంట్రుకంతైనా జారకుండా, పైకెక్కేసింది.

రోడ్డు మీద ఆపి దిగాడు. కాలు ఈడ్చుకుంటూ మా మీదికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "బుద్ధుందా మీకు? బండి వెనకాల నడుస్తారా ఎవరైనా? జారుంటే?" అని అరిచాడు.

చిన్నత్త నెత్తి మీద తట్ట సర్దుకుంది. "దిగమన్నావు, దిగాం. ఎక్కడ నడవాలో నువ్వు చెప్పలేదు కదరా" అంది.

ఆయన చెయ్యి చాపి ఆవిడ తట్ట అందుకున్నాడు.