పేరు మారేదాకా కదలని కారు

మా పెద్దమ్మ మొన్న రేపల్లెలో పోయింది. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టి, ఫొటో కింద "సౌమ్యురాలు" అని వేయించారు. చూస్తే ఒళ్లు మండింది. ఆవిడ సౌమ్యురాలేంటి? తెనాలిలో పాత కార్లమ్మేవాళ్లని అడగండి, చెప్తారు.

పెద్దమ్మది చీరల వ్యాపారం. మూటలెత్తుకుని చెరుకుపల్లి, బాపట్ల దాకా బస్సుల్లో తిరిగి అమ్మేది. భుజం పట్టేస్తోందని డ్రైవింగ్ నేర్చుకుని మరీ, తెనాలిలో పాత కార్లమ్మే ఒక కన్సల్టెన్సీ వాడి దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొంది. పేరు మార్పించే ఖర్చు కూడా వాడు ముందే తీసుకున్నాడు. తీసుకుని మింగేశాడు. ఆర్సీ పాత ఓనరు పేరు మీదే ఉండిపోయింది. ఎప్పుడడిగినా ఒకటే పాట: "అమ్మినాయన సంతకానికి రావట్లేదమ్మా. అయినా కారు మీ ఇంట్లోనే ఉందిగా, తోలుకోండి."

ఆవిడ తోలలేదు. "నేనెవరినన్నా గుద్దితే ఆ అమ్మినాయన మెడకి చుట్టుకుంటుందిరా. నా పేరు లేని బండి నేనెట్టా తోల్తాను?" అంది. కారు ఇంటి ముందు పెట్టేసి, మళ్లీ మూటలతో బస్సెక్కింది. నేను తెనాలిలో ఒక షెడ్డులో కార్లకి రంగులేస్తాను. వాడి ఆఫీసు అద్దాలు పగలగొట్టొస్తానన్నా.

"పగలగొడితే కేసు నీ మీదవుద్ది. అవ్వాల్సింది వాడి మీద కదా. కూర్చో, అన్నం తిను."

తర్వాత ఆవిడ చేసిన పని నాకు చచ్చినా తట్టేది కాదు. ఆర్సీ మీదున్న అడ్రసు పట్టుకుని, నన్ను వెంటేసుకుని, బాపట్లలో ఆ పాత ఓనరు ఇంటికి వెళ్లింది. కారు కొన్నది తనేనని చెప్పగానే ఆ పెద్దాయన గుమ్మంలోనే మా మీదికి లేచాడు. "ఏంటమ్మా మీరు? బండి కొని పేరు మార్చుకోరు. ఎక్కడ ఏం జరుగుద్దోనని నాకు నిద్ర లేదు."

పెద్దమ్మ చెప్పులిప్పుతూ ఆగింది. "వాడు మీకట్టా చెప్పాడా అన్నయ్యగారూ? నాకేమో మీరు సంతకం పెట్టట్లేదన్నాడు."

లోపల్నించి టీ వచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఇద్దరూ ఒక పార్టీ.

ముందు వాడికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపింది. ఉలకలేదు. రసీదు కాపీలు పెట్టి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసింది. లాయర్ని పెట్టుకోలేదు. అక్కడ మన కేసు మనమే చెప్పుకోవచ్చు. ఈ ముక్క చాలామందికి తెలీదు, అందుకే రాస్తున్నా.

విచారణ రోజు వాడి తరఫు లాయరు, "కారు ఆవిడ ఇంట్లోనే ఉంది, వాడుకుంటూనే ఉందండి" అన్నాడు.

"వాడుతున్నానండి. దాని మీద వడియాలు ఎండబెడుతున్నా."

బాపట్ల పెద్దాయన వెనక నుంచి లేచి నిలబడ్డాడు. "సంతకానికి రానివాణ్ణి నేనేనండి. ఇదిగో, వచ్చా."

సొంత ఖర్చుతో పేరు మార్పించమనీ, ఇన్నాళ్లు తిప్పినందుకు పరిహారం కట్టమనీ వాడికి ఆర్డరొచ్చింది. మా ఇంట్లో అందరం చేతులు పిసుక్కుంటూ కూర్చుంటే, ఆవిడొక్కతే చేసింది. అది రాయండి ఫ్లెక్సీలో.

కొత్త ఆర్సీ వచ్చాక మొదటిసారి బండి తీసిన రోజు, చెరుకుపల్లి దగ్గర పోలీసులు ఆపారు. కార్డు చేతికిచ్చి, "ఓనరు పేరు పైకి చదువు నాయనా" అంది. కానిస్టేబుల్ నవ్వి చదివాడు, ఇంటిపేరుతో సహా. కార్డు తిరిగి ఇవ్వబోతే, "మావాడికి వినపడలేదంట, ఇంకోసారి" అంది. నేను పక్క సీట్లోనే ఉన్నా. వెనక ధాన్యం లారీ హారన్ కొడుతూనే ఉంది. ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ముందుకి చూస్తూ, వింటోంది.